రక్తనాళాన్ని లోపలి నుంచే మూసే జెల్ వైద్యం: సంతకం పెట్టేముందు కుటుంబం తెలుసుకోవాల్సినవి

బేతంచెర్లలోనో, ఎర్రగుంట్లలోనో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఇంటిపెద్ద ఒకాయన ఉన్నారనుకోండి. ఎప్పుడో టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడారు, తగ్గింది. మళ్లీ ఇన్నేళ్లకు ఒకరోజు తెల్లవారుజామున దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కళ్లెతో పాటు గ్లాసు నిండా రక్తం పడింది. ఇంట్లోవాళ్లు హడలిపోయి 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్లు స్కాన్ తీసి, ‘ఊపిరితిత్తిలో రక్తనాళం కారుతోంది, ఎంబలైజేషన్ చేయాలి’ అని చెప్పి కాగితం మీద సంతకం అడిగారు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని కుటుంబం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంది. ఇది ఆపరేషనా? నాళాన్ని మూసేస్తే ఆ భాగం పాడైపోదా? లోపల ఏం పెడతారు? అందులో పంది కొవ్వు, పంది చర్మం లాంటివి ఉంటాయని ఎవరో అన్నారు, నిజమేనా? కోత లేకుండా రక్తాన్ని ఆపే ఈ వైద్యం టీబీ రోగులకే కాదు, కాన్పులో రక్తం ఆగని తల్లికీ, గర్భసంచిలో గడ్డలున్న మహిళకీ, లివర్ క్యాన్సర్ రోగికీ పనికొస్తుంది. కాబట్టి అవసరం రాకముందే ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసి ఉంటే ఆ ఘడియలో తికమక తగ్గుతుంది.

ఎంబలైజేషన్ అంటే ఏమిటి?

కర్నూలు, కడప రైతులకు ఇది చెప్పడం తేలిక. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పారే కేసీ కాలువ సంగతి అందరికీ తెలిసిందే. ఒకచోట పిల్ల కాలువకు గండి పడితే సుంకేసులలో గేట్లు దించి మొత్తం ఆయకట్టును ఎండబెట్టరు. గండి పడ్డ పిల్ల కాలువ తూము ఒక్కటే మూస్తారు. పెద్ద కాలువ పారుతూనే ఉంటుంది.

ఒంట్లోనూ అంతే. తొడ మొదట్లోనో, మణికట్టు దగ్గరో ఉన్న ధమనిలోకి సన్నని గొట్టం పంపుతారు. దీన్నే కాథెటర్ అంటారు. గుండెకు యాంజియోగ్రామ్ చేసేటప్పుడు పంపేది కూడా ఇలాంటిదే. అయొడిన్ ఉన్న మందు ఎక్కిస్తూ ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, రక్తం కారుతున్న నాళం దాకా ఆ గొట్టాన్ని నడిపిస్తారు. అక్కడికి చేరాక మూసే పదార్థాన్ని వదులుతారు. దారి మూసుకుంటుంది, కారడం ఆగుతుంది. ఎక్కువ సందర్భాల్లో రోగికి పూర్తి మత్తు ఇవ్వరు, గొట్టం వేసే చోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. ఒంటి మీద మిగిలేది సూది గుచ్చినంత గాయమే. ఈ పని చేసే వైద్యుణ్ని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అంటారు.

నాళం మూస్తే ఆ భాగం చచ్చిపోదా అన్న అనుమానం సహజం. చాలా అవయవాలకు రక్తం రెండు మూడు దారుల్లో అందుతుంది. ఊపిరితిత్తికి రెండు రకాల నాళాలున్నాయి. గాలి మార్పిడి కోసం వెళ్లే పెద్ద నాళం వేరు, శ్వాసగొట్టాలను పోషించే బ్రాంకియల్ ధమనులు వేరు. దగ్గులో ఎక్కువగా రక్తం పడేవాళ్లలో పది మందిలో తొమ్మిది మందికి కారేది ఈ బ్రాంకియల్ ధమనుల నుంచే. వాటిని మూసినా ఊపిరితిత్తి బతికే ఉంటుంది. లివర్‌కు కూడా పోషణ ఎక్కువగా పేగుల వైపు నుంచి వచ్చే సిర ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం మీదే బతుకుతుంది. అందుకే ధమని కొమ్మను మూస్తే గడ్డకు దెబ్బ తగులుతుంది, లివర్ నిలుస్తుంది. అయితే ఇలా రెండో దారి లేని చోట్లూ ఉన్నాయి. డాక్టరు నైపుణ్యం అంతా అక్కడే తెలుస్తుంది.

మైనం నుంచి జెల్ దాకా

ఆలోచన కొత్తది కాదు. 1904లోనే అమెరికాలో డాబార్న్ అనే సర్జన్ తల, మెడ గడ్డలకు రక్తం అందకుండా ధమనిలోకి కరిగించిన మైనం ఎక్కించాడు. 1960లో లూసెన్‌హాప్, స్పెన్స్ అనే వైద్యులు మెదడులో చిక్కుపడిన నాళాలను మూయడానికి చిన్న ప్లాస్టిక్ పూసలు పంపారు. 1972లో రోష్, డాటర్ బృందం కడుపులో రక్తస్రావమవుతున్న రోగి నాళంలోకి అతని సొంత రక్తపు గడ్డనే పంపి ఆపగలిగింది. ఫ్రాన్సులో రెమీ అనే వైద్యుడి బృందం 1970ల మొదట్లో దగ్గులో రక్తం పడేవారికి ఇదే పద్ధతి మొదలుపెట్టింది.

ఇవాళ ఆసుపత్రుల్లో వాడేవి ముఖ్యంగా ఐదు రకాలు.

మొదటిది జెలటిన్ స్పాంజి. తెల్లని దూదిముక్కలా ఉంటుంది. కత్తిరించి, తడిపి పంపుతారు. కొన్ని వారాల్లో కరిగిపోయి నాళం మళ్లీ తెరుచుకుంటుంది. తాత్కాలికంగా ఆపితే చాలనుకున్న చోట ఇదే వాడతారు.

రెండోది పీవీఏ రేణువులు, గుండ్రటి సూక్ష్మ పూసలు. ఇవి వేర్వేరు సైజుల్లో దొరుకుతాయి. నాళం వెడల్పును బట్టి సైజు ఎంచుకుంటారు.

మూడోది కాయిల్స్. స్ప్రింగులా చుట్టుకునే ప్లాటినం తీగలు. మెదడులో ఉబ్బిన నాళాన్ని లోపలి నుంచి నింపడానికి వాడే విడదీసే కాయిల్స్‌ను ఇటలీకి చెందిన గుగ్లియెల్మీ 1990లో మొదటిసారి రోగికి వాడాడు.

నాలుగోది జిగురు. ఇంట్లో విరిగినవి అతికించే ఫెవిక్విక్ కుటుంబానికి చెందినదే, కానీ ఒంట్లో వాడేందుకు వేరుగా తయారుచేసింది. రక్తం తగలగానే గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో కనబడేందుకు, మరీ త్వరగా గట్టిపడకుండా ఉండేందుకు దీన్ని అయొడిన్ చేర్చిన గసగసాల నూనెతో కలుపుతారు.

ఐదోది ఓనిక్స్ లాంటి ద్రవాలు. నాళంలోకి వెళ్లాక లావాలా నెమ్మదిగా పాకి గట్టిపడతాయి. అమెరికాలో 2005లో మెదడు నాళాల చిక్కుముడులకు దీన్ని అనుమతించారు. ఇది కలిపే ద్రావకం వల్ల రోగి ఊపిరిలో ఒకటి రెండు రోజులు వెల్లుల్లి వాసన వస్తుంది. కంగారుపడాల్సిన పని లేదు.

వీటన్నింటికీ తలా ఒక లోపం ఉంది. కాయిల్ పని చేయాలంటే దాని చుట్టూ రక్తం గడ్డకట్టాలి. రక్తం పల్చబడిన రోగిలో, పల్చబరిచే మందులు వాడేవాళ్లలో అది ఆలస్యమవుతుంది. పూసలు ఎక్స్‌రే తెర మీద సరిగా కనబడవు, దారితప్పితే తెలుసుకోవడం కష్టం. జిగురు క్షణాల్లో గట్టిపడుతుంది కాబట్టి గొట్టం నాళానికే అతుక్కుపోయే భయం ఉంది. ఈ లోపాలను సరిచేసేందుకే పరిశోధకులు హైడ్రోజెల్ వైపు చూశారు.

హైడ్రోజెల్ అంటే మన వంటింట్లోనే ఉంది

రమ్జాన్‌లో ఇఫ్తార్ షర్బత్‌లో వేసే సబ్జా గింజలు గుర్తు తెచ్చుకోండి. చిటికెడు ఎండు గింజలు నీళ్లలో వేస్తే పది నిమిషాల్లో ఒక్కో గింజ చుట్టూ పారదర్శకమైన జిగట పొర ఉబ్బుతుంది. ఆ పొర హైడ్రోజెల్. చైనా గ్రాస్‌తో చేసే జెల్లీ కూడా అలాంటిదే. నీటిని పట్టి ఉంచే సన్నని వల, ఆ వలలో నీళ్లు. గట్టిగానూ ఉండదు, కారిపోనూ పోదు. మెత్తగా ఉండి నీళ్లు నిండి ఉంటుంది కాబట్టి శరీర కణజాలానికి దగ్గరగా ఉంటుంది. కళ్లలో పెట్టుకునే మెత్తని కాంటాక్ట్ లెన్సులు కూడా హైడ్రోజెల్ తోనే చేస్తారు. ప్రాగ్‌లో విఖ్టర్లె, లిమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పదార్థం గురించి 1960లో ప్రకటించారు.

ఈ పనిలో మన దేశానికీ పాత చరిత్రే ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య విజ్ఞాన సంస్థలో ఎ. జయకృష్ణన్ బృందం కాంటాక్ట్ లెన్సుల్లో వాడే ఆ పదార్థంతోనే సూక్ష్మ పూసలు తయారుచేసి, వాటికి అయొడిన్ ఉన్న పదార్థాన్ని జోడించి, ఎక్స్‌రేలో కనిపించేలా చేసింది. నాళాలను మూసేందుకు ఉద్దేశించిన ఆ పూసల మీద 1990లోనే పరిశోధన పత్రం వెలువడింది.

ఇప్పుడు హైడ్రోజెల్‌ను నాలుగు రూపాల్లో చూడొచ్చు.

పూసలు: పీవీఏ హైడ్రోజెల్ పూసల్లో క్యాన్సర్ మందు నానబెట్టి లివర్ గడ్డకు వెళ్లే ధమనిలోకి పంపుతారు. పూస దారి మూస్తుంది, లోపలి మందు మెల్లగా గడ్డలోకి దిగుతుంది.

పూత వేసిన కాయిల్: ప్లాటినం తీగకు ఎండు హైడ్రోజెల్ పూత ఉంటుంది. రక్తం తగిలాక సబ్జా గింజలా ఉబ్బి, తీగ చుట్టల మధ్య ఖాళీలను నింపుతుంది.

గట్టిపడే రెండు ద్రవాలు: రెండు పలుచటి ద్రవాలను విడివిడిగా పంపుతారు. నాళంలో కలిసిన చోటే జెల్‌గా మారతాయి. పీఈజీ అనే కృత్రిమ పదార్థంతో ఇలాంటివి తయారుచేసి గడ్డల చికిత్సలో పరీక్షించారు.

నొక్కితే కదిలే జెల్: దీన్ని అర్థం చేసుకోవడానికి పెళ్లింట్లో మెహందీ కోన్ చాలు. కోన్ నొక్కినప్పుడు మెహందీ సన్నని రంధ్రంలోంచి సాఫీగా వస్తుంది. చేతి మీద పడ్డాక మాత్రం జారదు, గీసిన చోటే నిలుస్తుంది. అచ్చం అలాగే పనిచేసే జెల్‌ను జెలటిన్‌తో, అతి సన్నని బంకమట్టి రేణువులతో అమెరికాలో ఖాదెంహొసేనీ, ఓక్లూ తదితరులు తయారుచేశారు. 2016లో ఆ పరిశోధన వెలువడింది. సిరంజి నొక్కితే గొట్టంలోంచి పారుతుంది, నాళంలోకి చేరి ఒత్తిడి తగ్గగానే గట్టిగా నిలుస్తుంది. రక్తం గడ్డకట్టడం కోసం ఎదురుచూడదు. ఇదే రకానికి చెందిన అబ్సిడియో అనే జెల్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది.

అయితే కొత్తదంటే మంచిదే అనుకోనక్కర్లేదు. 2025లో ఇదే జెల్ విషయంలో, కింది పేగుల రక్తస్రావానికి దాన్ని కొంచెం కొంచెంగా విడగొట్టి పంపే ఒక పద్ధతి వల్ల పేగుకు రక్తం అందక పాడయ్యే ముప్పు ఉందని కంపెనీ, ఎఫ్‌డీఏ హెచ్చరించాయి. జెల్ ఎంత బాగా మూస్తుందో, తప్పు చోట పడితే అంతే గట్టిగా మూస్తుంది. పదార్థం కన్నా దాన్ని పంపే చెయ్యి ముఖ్యం.

ఇంకొక సంగతి. జిల్లా స్థాయిలో ఎవరైనా ‘ఎంబలైజేషన్’ అంటే అది కొత్త జెల్ అయి ఉండాలని లేదు. ఎక్కువగా జెలటిన్ స్పాంజి, పీవీఏ రేణువులు, జిగురు, కాయిల్స్ వాడతారు. అవి దశాబ్దాలుగా పనిచేస్తున్నవే. కొత్త జెల్ లేదని వైద్యం వాయిదా వేసుకోవడం తెలివైన పని కాదు.

మన ఇళ్లలో ఇది ఎప్పుడు అక్కరకొస్తుంది?

దగ్గులో రక్తం: కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో నాపరాయి క్వారీలు, పాలిష్ యూనిట్ల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సిలికా ఉన్న రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. టీబీ తగ్గిపోయాక కూడా ఊపిరితిత్తిలో మిగిలిన మచ్చలు, గుంతల చుట్టూ నాళాలు ఉబ్బి, ఏళ్ల తర్వాత పగలొచ్చు. ఇలా ఎక్కువగా రక్తం పడినప్పుడు చాలామంది రక్తం పోయి చనిపోరు. ఆ రక్తం శ్వాసగొట్టాల్లో నిండి ఊపిరాడక చనిపోతారు. అందుకే ‘కాస్త ఆగి చూద్దాం’ అనకూడదు. ఏ పక్క ఊపిరితిత్తిలో కారుతోందో తెలిస్తే ఆ పక్కకే తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు మంచి ఊపిరితిత్తిలోకి రక్తం పోదు. ఎంబలైజేషన్‌తో ఎక్కువమందిలో రక్తం వెంటనే ఆగుతుంది. కానీ ఇది గండి పూడ్చడమే. అసలు జబ్బు టీబీ అయితే మందుల కోర్సు పూర్తి చేయాల్సిందే. లేదంటే కొన్ని నెలల్లో మరో నాళం తెరుచుకుని మళ్లీ రక్తం పడొచ్చు.

కాన్పులో రక్తస్రావం: బిడ్డ పుట్టాక గర్భసంచి ముడుచుకోకపోతే రక్తం ఆగదు. ముందు ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్ లాంటి మందులిస్తారు. ట్రానెగ్జామిక్ యాసిడ్ కాన్పయిన 3 గంటల లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. తర్వాత గర్భసంచి లోపల బెలూన్ పెడతారు. అవేవీ ఆపకపోతే మిగిలే దారి చాలాసార్లు గర్భసంచి తీసేయడమే. క్యాథ్‌ల్యాబ్, నిపుణుడు అందుబాటులో ఉండి, తల్లి అంతదాకా నిలకడగా ఉంటే ఎంబలైజేషన్‌తో గర్భసంచిని కాపాడే అవకాశం ఉంటుంది. ఇక్కడ సాధారణంగా కరిగిపోయే జెలటిన్ స్పాంజి వాడతారు. కొన్ని వారాలకు నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి.

గర్భసంచిలో గడ్డలు: నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం, రక్తహీనత, నడుం నొప్పితో ఆసుపత్రికి వెళ్తే ‘గడ్డలున్నాయి, గర్భసంచి తీసేద్దాం’ అన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది మహిళలు విన్నదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో వందకు సుమారు 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలోనే ఇది అత్యధికాల్లో ఒకటి. గడ్డలకు వెళ్లే ధమనులను మూసి వాటిని కుంచింపజేసే పద్ధతిని 1995లో పారిస్‌లో రావినా అనే వైద్యుడు లోకానికి తెలిపాడు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనంలో ఈ చికిత్స తీసుకున్నవాళ్లను పదేళ్లు గమనిస్తే, సుమారు మూడింట రెండు వంతుల మందికి గర్భసంచి తీయించుకోవాల్సిన అవసరం రాలేదు. మిగిలిన మూడో వంతుకు వచ్చింది. ఇంకా పిల్లలు కావాలనుకునే వారికి మాత్రం గడ్డలను మాత్రమే కోసి తీసే ఆపరేషన్ గురించి డాక్టర్లు ముందుగా చెబుతారు. బ్రిటన్‌లో 254 మంది మహిళలతో చేసి 2020లో ప్రకటించిన అధ్యయనంలో రెండేళ్ల తర్వాత ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల జీవన నాణ్యతే మెరుగ్గా ఉంది. అంటే అందరికీ ఒకే జవాబు లేదు. ‘గర్భసంచి తీయడం ఒక్కటే దారి’ అన్న మాటకు మాత్రం మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఇవి కాక లివర్ క్యాన్సర్, ప్రమాదాల్లో లోపలి రక్తస్రావం, మెదడు నాళాల ఉబ్బులు, తలలో పాత రక్తపు గడ్డలు మళ్లీ మళ్లీ చేరడం లాంటి వాటిలోనూ ఈ వైద్యం వాడుతున్నారు.

అందులో పంది పదార్థం ఉంటుందా?

ముస్లిం కుటుంబాలు గట్టిగా అడగలేక, అడిగితే ఏమనుకుంటారోనని లోలోపల మథనపడే ప్రశ్న ఇది. దాచాల్సిన పని లేదు. దీనికి వాస్తవమైన జవాబు ఉంది.

వైద్యంలో ఎక్కువగా వాడే జెల్‌ఫోమ్ అనే జెలటిన్ స్పాంజి పంది చర్మం నుంచి తీసిన జెలటిన్‌తో తయారవుతుంది. ఎంబోస్ఫియర్ అనే పేరున్న సూక్ష్మ పూసల్లో కూడా పంది జెలటిన్ కలుస్తుంది. జెలటిన్ ఆధారంగా ఉండే కొత్త జెల్స్ విషయంలో అది ఏ జంతువు నుంచి వచ్చిందో కంపెనీ కాగితం చూసి తెలుసుకోవాలి.

జంతు పదార్థం లేనివీ ఉన్నాయి. పీవీఏ రేణువులు, పీవీఏ పూసలు పూర్తిగా కృత్రిమం. మామూలు ప్లాటినం కాయిల్స్ లోహం. జిగురు, ఓనిక్స్ రసాయనాలు. పీఈజీ జెల్స్ కూడా కృత్రిమమే. ఇక్కడ మరో అపోహ తొలగించాలి. పీవీఏ పూర్తిపేరు పాలీవినైల్ ఆల్కహాల్. పేరులో ఆల్కహాల్ ఉన్నంత మాత్రాన అది మద్యం కాదు. మత్తు ఉండదు, తాగేది కాదు, అది ఒకరకం ప్లాస్టిక్. కొన్ని రకాల నాళాల చిక్కుముడులకు మాత్రం నిజమైన ఇథనాల్‌నే ఇంజెక్ట్ చేస్తారు. అది వేరే విషయం, డాక్టరు ముందే చెబుతారు.

షరీఅత్ మాటేమిటి? ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు నిషిద్ధమైనది వాడక తప్పనివారిపై పాపం లేదన్న సడలింపు ఖుర్ఆన్‌లోనే, సూరా బఖరా 173వ ఆయత్‌లో ఉంది. ప్రాణరక్షణ జరూరత్ అన్నదాంట్లో ఉలేమాల మధ్య పెద్దగా భేదం లేదు. భేదం ఉన్నది అత్యవసరం కాని సందర్భాల్లో. పదార్థం పూర్తిగా రూపం, గుణం మారిపోతే దాని హుకుం కూడా మారుతుందన్న సూత్రాన్ని ఇస్తిహాలా అంటారు. 1995లో కువైట్ కేంద్రంగా ఉన్న ఇస్లామిక్ వైద్య శాస్త్రాల సంస్థ సదస్సు ఈ సూత్రం ప్రకారం జెలటిన్ శుద్ధమైనదేనని అభిప్రాయపడింది. మక్కాలోని రాబితా ఫిఖ్ మండలి లాంటివి ఆ వాదనను అంగీకరించక, పంది జెలటిన్ అనుమతించదగింది కాదన్నాయి. కాబట్టి తేదీ ముందే ఖరారయ్యే చికిత్సల విషయంలో, ఉదాహరణకు గర్భసంచి గడ్డలకైతే, తాము నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడిగి, పీవీఏ లాంటి ప్రత్యామ్నాయం కుదురుతుందా అని డాక్టర్‌ను అడగడానికి సమయం ఉంటుంది. రక్తం ఆగకుండా పోతున్న రాత్రి ఆ చర్చకు సమయం ఉండదు. అప్పుడు చేతిలో ఏది ఉంటే దానితో ప్రాణం కాపాడమని చెప్పడమే సరైనది. డాక్టర్‌కు కూడా నాళాన్ని బట్టి తాత్కాలికంగా మూయాలా, శాశ్వతంగా మూయాలా అన్న లెక్క ఉంటుంది. కుటుంబం కోరిక చెప్పొచ్చు, తుది ఎంపిక వైద్య అవసరాన్ని బట్టే ఉంటుంది.

ప్రమాదాలు, తర్వాతి రోజులు

ఇది కోత లేని వైద్యం, కానీ ప్రమాదం లేని వైద్యం కాదు. గడ్డను మూసిన తర్వాత రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా నొప్పి, జ్వరం, వాంతులు రావడం మామూలే. రక్తం అందక గడ్డ చితికిపోతున్నప్పుడు ఇలా ఉంటుంది. జ్వరం వారం దాటినా, చలితో పెరిగినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా వెంటనే చూపించాలి.

అన్నిటికన్నా భయపెట్టేది, పదార్థం అనుకున్న చోటు దాటి వేరే నాళంలోకి పోవడం. బ్రాంకియల్ ధమనుల దగ్గరే కొందరిలో వెన్నుపాముకు రక్తం ఇచ్చే నాళం మొదలవుతుంది. అది మూసుకుపోతే కాళ్లు చచ్చుబడిపోవచ్చు. ఇది అరుదు. అందుకే డాక్టర్లు ముందు బొమ్మలు తీసి, వెన్నుపాము నాళం కనిపిస్తే దాన్ని దాటి ఇంకా లోపలికి గొట్టం పంపుతారు, లేదా ఆపేస్తారు. ‘ఇంతసేపు ఏం చేస్తున్నారు’ అని బయట కూర్చున్నవాళ్లు విసుక్కునే ఆ గంట అందుకే.

ఎక్స్‌రే మందులోని అయొడిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఇదివరకు ఏదైనా ఇంజెక్షన్‌కు దద్దుర్లు వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. రక్తం పల్చబరిచే మాత్రల పేర్లు కూడా చెప్పాలి. హకీం మందులు, ఆకు మందులు వాడుతుంటే వాటినీ దాచకూడదు.

ఆసుపత్రిలో అడగాల్సినవి

సంతకం పెట్టేముందు ఇంట్లో చదువుకున్న ఒకరు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాసుకుంటే మంచిది.

1. ఏ నాళాన్ని మూస్తున్నారు? దానికి రెండో దారి ఉందా?
2. ఏ పదార్థం వాడతారు? అది కరిగిపోతుందా, శాశ్వతంగా ఉంటుందా?
3. అందులో జంతు జెలటిన్ ఉందా? ఉంటే ఈ రోగికి పీవీఏ లాంటిది సరిపోతుందా?
4. ఈ చికిత్స ఈ ఆసుపత్రిలో ఎవరు చేస్తారు? ఇలాంటివి క్రమంగా చేస్తున్నారా, వేరే చోటికి పంపుతారా?
5. పంపితే ఏ ఊరికి? దారిలో రక్తం ఎక్కించే ఏర్పాటు, ఆక్సిజన్ ఉంటాయా?
6. రక్తం మళ్లీ వస్తే ఏం చేయాలి? తర్వాత ఎప్పుడు రావాలి?
7. మహిళా రోగి అయితే మహిళా సిబ్బంది ఉంటారా? తొడ దగ్గర కాకుండా మణికట్టు నుంచి చేయడం కుదురుతుందా?

చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. మణికట్టు నుంచి చేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అన్ని సందర్భాల్లో కుదరదు, కానీ అడిగితే తప్పేమీ లేదు. పర్దా గురించి ముందే చెబితే శరీరం కనబడాల్సినంత మేరకే తెరిచి మిగతాది కప్పి ఉంచుతారు.

నాలుగు, ఐదు ప్రశ్నలు రాయలసీమలో మరీ ముఖ్యం. కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైనే, కడప నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. రక్తం పోతున్న మనిషికి ఆ దూరం చిన్నది కాదు. అందుకే కాన్పు కష్టమని ముందే తెలిసిన గర్భిణులు, ఒకసారి దగ్గులో రక్తం పడినవాళ్లు, రక్తస్రావం లేని రోజుల్లోనే ఏ ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, బ్లడ్ బ్యాంకు మూడూ ఉన్నాయో కనుక్కుని పెట్టుకోవాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద తమ చికిత్స వస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. 104కు ఫోన్ చేసి కూడా తెలుసుకోవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పాత స్కాన్లు, టీబీ మందుల పుస్తకం, బ్లడ్ గ్రూపు రాసిన చీటీ ఒకే సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

బండల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఇంకో మాట కూడా అవసరం. రాయి కోసేటప్పుడు నీళ్లు వాడటం, ముక్కుకు సరైన మాస్కు కట్టుకోవడం, దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోవడం ఈ జెల్స్ అన్నింటికన్నా చవక. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. నాళం పగిలాక దాన్ని మూసేందుకు వైద్యం ఉన్నందుకు షుక్ర్ చేద్దాం. అసలు పగలకుండా చూసుకునే పని మాత్రం ఇంటి నుంచే మొదలవ్వాలి.